హైపోథిసిస్: లెక్క కుదిరితే నిజమైనట్టేనా?

‘అది ఇంకా హైపోథిసిసే’ అని ఏ శాస్త్రవేత్తో టీవీలో అంటే, చూసేవాళ్లలో కొందరు ‘అంటే ఉత్త ఊహే కదా’ అని కొట్టిపారేస్తారు. ఇంకొందరు ‘సైంటిస్టే అన్నాడంటే ఎంతో కొంత నిజం ఉండే ఉంటుంది’ అనుకుంటారు. కోవిడ్ వైరస్ పుట్టుక గురించి జరిగిన వాదనల్లో ఈ రెండు రకాల వాళ్లూ ఒకరి మాట ఒకరికి ఎక్కకుండానే పోట్లాడుకున్నారు. ఇందులో జనాన్ని మరీ తప్పుపట్టలేం. యూరప్‌లో ఆధునిక విజ్ఞానం పుట్టిన 16, 17 శతాబ్దాల్లో శాస్త్రవేత్తలే ఈ మాటను నానా రకాలుగా వాడారు. ఒకరికి అది లెక్కల పనిముట్టు, ఒకరికి చర్చి పెట్టిన షరతు, మరొకరికి దాదాపు తిట్టు.

ముందు ఇప్పటి అర్థం చూద్దాం. స్కూలు పుస్తకాల్లో దీన్ని పరికల్పన అంటారు. ఇంకా రుజువు కాని ప్రతిపాదన, కానీ అది నిజమైతే ఫలానాది కనిపించాలి, ఫలానాది కనిపించకూడదు అని ముందే చెప్పగలిగినది. అలాంటి ప్రతిపాదనలు ఎన్నో పరీక్షలకు నిలబడి ఒకదానితో ఒకటి అల్లుకుంటే సిద్ధాంతం అంటాం. రెండు కొలతల మధ్య ఎప్పుడూ కుదిరే సంబంధాన్ని నియమం అంటాం. ఈ సరిహద్దులు, కోపర్నికస్ పుస్తకం వచ్చిన 1543లో ఎవరికీ తెలియవు.

## ఒకే సూర్యుడికి రెండు లెక్కలు

పగలూ రాత్రీ సమానంగా ఉండే వసంత విషువత్తు నుంచి ఎండాకాలంలో పగలు అన్నిటికంటే పొడవుగా ఉండే రోజు వరకు 94½ రోజులు, అక్కడి నుంచి శరద్ విషువత్తు వరకు 92½ రోజులు అని ప్రాచీన గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ కొలిచాడు. రెండూ ఆకాశంలో పావు వంతు దూరాలే. అంటే సూర్యుడు ఒకచోట నెమ్మదిగా, మరోచోట వేగంగా కదులుతున్నట్టు కనిపిస్తున్నాడు. ఆకాశంలో కదలిక ఎప్పుడూ సమవేగంతో, వృత్తాకారంలోనే ఉండాలని నమ్మిన వాళ్లకు ఇది తలనొప్పి.

దీనికి వాళ్ల దగ్గర రెండు దారులున్నాయి. సూర్యుడు ఒకే వృత్తంలో సమవేగంతో తిరుగుతున్నాడు, కానీ భూమి ఆ వృత్తం మధ్యలో లేదు, కాస్త పక్కకు ఉంది అనుకోవడం ఒకటి. భూమి మధ్యలోనే ఉంది, సూర్యుడు మాత్రం ఒక చిన్న వృత్తంలో తిరుగుతుంటే, ఆ చిన్న వృత్తం పెద్ద వృత్తం మీద తిరుగుతోంది అనుకోవడం రెండోది. కొలతలు సరిగ్గా ఎంచుకుంటే, ఏ రోజు సూర్యుడు ఎక్కడ కనిపించాలో రెండూ అచ్చంగా ఒకే జవాబు ఇస్తాయి. ఎన్నేళ్లు ఆకాశం చూసినా వాటిలో ఏది నిజమో తేల్చలేం. క్రీ.శ. 150 ప్రాంతంలో ఖగోళవేత్త టాలెమీ మొదటిదాన్ని ఎంచుకున్నాడు. రెండు కదలికల కంటే ఒకటి సులువు అన్నదే ఆయన చెప్పిన కారణం.

ఇలాంటి జ్యామితీయ అమరికనే హైపోథిసిస్ అనేవాళ్లు. కళ్లకు కనిపించేదాన్ని లెక్కతో సరిపెట్టడం దాని పని. సూర్యసిద్ధాంతం లాంటి మన పాత ఖగోళ గ్రంథాల్లో, గ్రహాల స్థానానికి చేసే మందఫలం, శీఘ్రఫలం అనే సవరణల కోసం వాడే వృత్తాలు చేసేదీ ఇదే. అయితే టాలెమీని ఉత్త లెక్కల మనిషి అనుకుంటే పొరపాటే. తర్వాత రాసిన మరో పుస్తకంలో ఆయన గ్రహాల గోళాలను ఒకదానిలో ఒకటి ఇమిడే నిజమైన వస్తువులుగానే వర్ణించాడు. ‘పాతవాళ్లకు లెక్క కుదిరితే చాలు, నిజంతో పనిలేదు’ అని తరచూ వినిపించే మాట అందుకే సగమే సరి.

## సంతకం లేని ముందుమాట

1543లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఖగోళవేత్త కోపర్నికస్ పుస్తకం అచ్చయింది. భూమి తిరుగుతుంది, సూర్యుడు మధ్యలో ఉన్నాడు అన్నది దాని సారం. అచ్చుపని మొదట్లో చూసుకున్న శిష్యుడు రెటికస్, లైప్‌జిగ్‌లో ఉద్యోగం రావడంతో మధ్యలోనే వెళ్లిపోయాడు. ఆ బాధ్యత ఆండ్రియాస్ ఓసియాండర్ అనే లూథరన్ మతబోధకుడి చేతికి వచ్చింది. ఆయన పుస్తకం ముందు ఒక చిన్న ముందుమాట చేర్చాడు. కింద పేరు పెట్టలేదు. దాని శీర్షిక ‘ఈ గ్రంథంలోని హైపోథిసిస్‌ల గురించి పాఠకుడికి’.

అందులో ఆయన చెప్పింది ఇది: ఈ హైపోథిసిస్‌లు నిజం కానక్కర్లేదు, నమ్మదగ్గవి కూడా కానక్కర్లేదు, పరిశీలనలతో సరిపోయే లెక్క ఇస్తే చాలు. ఖగోళశాస్త్రం నుంచి ఎవరూ కచ్చితమైన సత్యాన్ని ఆశించవద్దని కూడా హెచ్చరించాడు.

ఇది పిరికితనం అని చాలామంది రాశారు. కొంత నిజమే కావచ్చు. కానీ ఆయన ఇచ్చిన ఉదాహరణ చూస్తే అదొక్కటే కాదనిపిస్తుంది. శుక్రగ్రహపు చిన్న వృత్తం నిజంగా ఆకాశంలో ఉంటే, గ్రహం దగ్గరికి వచ్చినప్పుడు దాని వ్యాసం దూరంగా ఉన్నప్పటి కంటే నాలుగు రెట్లకు పైగా, వైశాల్యం పదహారు రెట్లకు పైగా కనిపించాలి. అలా ఎవరికీ కనిపించలేదు కదా అన్నాడు. అప్పటికి ఇది గట్టి వాదన. దాదాపు 70 ఏళ్ల తర్వాత టెలిస్కోపు వచ్చాక చూస్తే, శుక్రుడి వ్యాసం నిజంగానే ఆరు రెట్ల వరకు మారుతోంది. ఆ మార్పు మామూలు కంటికి తెలియదు, అంతే. లెక్కల పనిముట్టు అనుకున్నది అసలు దూరాల గురించి నిజం చెబుతోందన్నమాట.

కోపర్నికస్ ఆ ఏడాది మే 24న చనిపోయాడు. ఆయన మిత్రుడు, బిషప్ టీడెమన్ గీసె ఆ ముందుమాట చూసి మండిపడ్డాడు, న్యూరెంబర్గ్ నగర మండలిని కదిలించాలని చూశాడు. ఫలితం లేకపోయింది. ఆ మాటలు కోపర్నికస్‌వే అనుకున్న పాఠకులు చాలామంది. రాసింది ఓసియాండర్ అని 1609లో తన పుస్తకంలో అచ్చువేసి మరీ బయటపెట్టింది జర్మన్ ఖగోళవేత్త కెప్లర్.

## కెప్లర్: స్థానం ఒప్పు, దూరం తప్పు

కెప్లర్‌కు ఇది పరువు సమస్య ఒక్కటే కాదు. అబద్ధపు హైపోథిసిస్ నుంచి నిజమైన ఫలితం రావచ్చు, అది ఆయనా ఒప్పుకుంటాడు. కానీ ఆ అదృష్టం ఒక ప్రశ్న వరకే, రెండో ప్రశ్న అడిగితే బండారం బయటపడుతుంది అంటాడు. ఆయన సొంత పనిలోనే దీనికి చక్కటి సాక్ష్యం ఉంది.

అంగారకుడి కక్ష్య కోసం ఆయన మొదట ఒక తాత్కాలిక హైపోథిసిస్ కట్టాడు. వృత్తమే, కొన్ని పాత పద్ధతులే. డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహీ పరిశీలనలతో పోలిస్తే, గ్రహం ఏ దిశలో కనిపించాలన్నది 2 నిమిషాల కోణం లోపు తేడాతో సరిపోయింది. ఒక డిగ్రీలో 60వ వంతును నిమిషం అంటారు. పౌర్ణమి చంద్రుడి వెడల్పు సుమారు 30 నిమిషాలు. ఓసియాండర్ కొలబద్దతో చూస్తే పని అయిపోయినట్టే. కెప్లర్ ఆగలేదు. అదే అమరిక సూర్యుడి నుంచి గ్రహం దూరాన్ని ఎంతగా చెబుతోందో విడిగా చూశాడు. తప్పు చెబుతోంది. దూరాలు సరిచేస్తే దిశలో 8 నిమిషాల వరకు తేడా వచ్చింది.

చంద్రుడి వెడల్పులో దాదాపు పావు వంతు. అంతకుముందు తరాల ఖగోళవేత్తలు ఇంతటి తేడాను చూసీచూడనట్టు పోనిచ్చేవాళ్లు. టైకో అంత పొరపాటు చేయడని కెప్లర్ నమ్మకం. ఆ 8 నిమిషాలే ఖగోళశాస్త్రం మొత్తాన్ని తిరగరాయడానికి దారి చూపాయని ఆయనే రాశాడు. వృత్తం పోయి దీర్ఘవృత్తం వచ్చింది అక్కడి నుంచే. నా దృష్టిలో హైపోథిసిస్ చరిత్రలో అసలైన మలుపు ఇదే. ఇక మీదట అది తాను కట్టిన పనికి ఒక్కదానికే జవాబుదారీ అంటే కుదరదు, అడగని ప్రశ్నలకూ జవాబు చెప్పాలి.

## చర్చి కోరిన సవరణ

1615 ఏప్రిల్‌లో కార్డినల్ బెల్లార్మీన్, ఫోస్కారిని అనే మతగురువుకు రాసిన ఉత్తరం ఈ కథలో కీలకం. భూమి కదులుతోందని అనుకుంటే లెక్కలు మెరుగ్గా కుదురుతాయి అనడంలో తప్పేమీ లేదు, అది నిజంగా కదులుతోంది అనడం మాత్రం ప్రమాదం అన్నది ఆయన వైఖరి. నిజమైన రుజువు వస్తే బైబిల్ వాక్యాలను తిరిగి ఆలోచించుకోవాలని కూడా అన్నాడు, కానీ అలాంటి రుజువు ఉందని తాను నమ్మడం లేదన్నాడు.

1616లో కోపర్నికస్ పుస్తకాన్ని ‘సరిదిద్దేవరకు’ నిలిపివేశారు. 1620లో వచ్చిన సవరణలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. లెక్కల జోలికి దాదాపు వెళ్లలేదు. మొదటి భాగం 11వ అధ్యాయం పేరు ‘భూమి మూడు రకాల చలనానికి నిరూపణ’ అని ఉంటే, దాన్ని ‘భూమి మూడు రకాల చలనం అనే హైపోథిసిస్, దాని నిరూపణ’గా మార్చమన్నారు. ఇలాంటి కొన్ని మార్పులు చేస్తే పుస్తకం చదువుకోవచ్చు. గెలీలియో ఆ గీత దాటాడని 1633లో విచారణ జరిగింది.

ఇక్కడ ఎవరి తర్కం సరైనదన్నది ఇప్పటికీ వివాదమే. ఫ్రెంచ్ భౌతికవేత్త, చరిత్రకారుడు పియెర్ డ్యూహెమ్ 1908లో ఓ సంచలన వాదన చేశాడు: తర్కం ఓసియాండర్, బెల్లార్మీన్‌ల వైపే ఉంది, కెప్లర్, గెలీలియోల వైపు లేదు. ఆయన వాదనకు బలం లేకపోలేదు. 1610లో గెలీలియో టెలిస్కోపుతో చూసిన, చంద్రుడికి ఉన్నట్టే శుక్రుడికీ ఉన్న కళలు టాలెమీ అమరికను దెబ్బతీశాయి నిజమే. కానీ భూమి కదలదు, మిగతా గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడు అన్న టైకో అమరికలోనూ ఆ కళలు అచ్చం అలాగే కనిపిస్తాయి. అవతలి పక్షం అడిగేది వేరు. ‘ఇది నిజమేమో’ అన్న పట్టుదల లేకపోతే, లెక్క కుదిరిన తర్వాత కూడా కెప్లర్ దూరాలు ఎందుకు చూస్తాడు? గెలీలియో భూమి చలనానికి ఇంకా ఏ ఆధారాలున్నాయని ఎందుకు వెతుకుతాడు? రుజువు గురించి డ్యూహెమ్ చెప్పింది సరైనది. పరిశోధన ఎలా సాగుతుందన్న విషయంలో మాత్రం కెప్లర్ వైపు వాదన బలంగా ఉందనిపిస్తుంది.

## ఒప్పులు ఎన్నున్నా చాలవు, తప్పు ఒకటి చాలు

1647 అక్టోబర్‌లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్, ఫాదర్ నోయెల్ అనే జెసూయిట్ (ఒక క్యాథలిక్ సంఘానికి చెందిన) మతగురువుకు రాసిన ఉత్తరంలో ఈ తర్కం తేటగా కనిపిస్తుంది. ఒక హైపోథిసిస్ నుంచి మనం చూసినవన్నీ రాబట్టగలిగినా అది నిజమని తేలదు. కానీ దాన్నుంచి వచ్చే ఫలితాల్లో ఒక్కటి వాస్తవానికి విరుద్ధంగా ఉన్నా, అది అబద్ధమని తేలిపోతుంది.

ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయింది. కరెంట్ పోయిందనుకుంటే ఫ్యాన్ ఆగాలి, ఆగింది. కానీ కండెన్సర్ పాడైందనుకున్నా ఫ్యాన్ ఆగాలి. ఆగిన ఫ్యాన్‌ను ఎంతసేపు చూసినా లాభం లేదు. అదే గదిలో లైటు వెలిగిందంటే, కరెంట్ పోయిందన్న మాట అక్కడితో సరి. అయినా కండెన్సరే పాడైందని తేలదు, రెగ్యులేటర్ పోయి ఉండొచ్చు.

పాస్కల్ దీన్ని చేతల్లోనూ చూపాడు. పాదరసం నింపిన గాజు గొట్టాన్ని పాదరసపు గిన్నెలో తలకిందులుగా నిలబెడితే కొంత ఎత్తు వరకే నిలుస్తుంది. పైనున్న గాలి బరువు గిన్నెలోని పాదరసాన్ని నొక్కడం వల్లనా, ప్రకృతి శూన్యాన్ని సహించకపోవడం వల్లనా? గాలి బరువే కారణమైతే, కొండ మీద గాలి తక్కువ కాబట్టి పాదరసం తగ్గాలి. ప్రకృతి శూన్యాన్ని కొండ కింద ఎక్కువగా, పైన తక్కువగా ద్వేషిస్తుందని ఎవరూ అనలేరు కదా. 1648 సెప్టెంబర్ 19న పాస్కల్ బావ ఫ్లోరిన్ పెరియర్ పుయ్ ద డోమ్ కొండ ఎక్కాడు. కింద క్లెర్మోన్ ఊళ్లో పాదరసం ఎత్తు ఇప్పటి కొలతల్లో సుమారు 71 సెంటీమీటర్లు, పైన సుమారు 63. కింద మరో గొట్టం పెట్టి రోజంతా ఒకరిని కాపలా ఉంచారు, అది కదల్లేదు. వాతావరణం మారి తగ్గిందేమో అనే వంక కూడా అలా పోయింది.

## బాయిల్ పట్టికలో చివరి రెండు నిలువు వరసలు

వాదన అక్కడితో ఆగలేదు. 1661లో ఫ్రాన్సిస్ లైనస్ అనే జెసూయిట్ మరో మాట తెచ్చాడు. పాదరసాన్ని పట్టుకుని పైకి లాగుతున్నది ఒక కనిపించని తాడు అన్నాడు. వినడానికి నవ్వులాటగా ఉన్నా ఆయన దగ్గర అనుభవం ఉంది. గొట్టం పైచివరను వేలితో మూస్తే, వేలు లోపలికి లాగుతున్నట్టు నిజంగానే తెలుస్తుంది. పైగా గాలికి స్ప్రింగ్ లాంటి బలం కొంత ఉన్నా, అంత పాదరసాన్ని నిలబెట్టేంత లేదన్నాడు.

1662లో రాబర్ట్ బాయిల్ ఇచ్చిన జవాబు మాటల్లో కంటే అంకెల్లో ఉంది. ఒకవైపు మూసిన, ‘జె’ ఆకారపు గాజు గొట్టంలో గాలిని బంధించి, తెరిచిన వైపు నుంచి పాదరసం పోస్తూ పోయాడు. మొదట గాలి 48 భాగాలు, దాని మీద ఒత్తిడి 29⅛ అంగుళాల పాదరసం. గాలి 24 భాగాలకు, అంటే సగానికి నలిగినప్పుడు కొలిచిన ఒత్తిడి 58 13/16 అంగుళాలు. 12 భాగాలకు నలిగినప్పుడు 117 9/16. పట్టిక చివరి వరసకు ఆయన పెట్టిన తలకట్టు, ఒత్తిడీ, గాలి ఆక్రమించే ఘనపరిమాణమూ విలోమానుపాతంలో ఉంటాయనే హైపోథిసిస్ ప్రకారం ఎంత ఉండాలి అని. అందులో 58¼, 116½ అని ఉంటాయి. తేడా ఒక శాతం లోపే. గాలి బలం చాలదన్న లైనస్ వాదనకు ఇది చావుదెబ్బ.

ఇప్పుడు ప్రతి ఇంటర్ విద్యార్థీ బాయిల్ నియమం అని కంఠస్థం చేసేదాన్ని బాయిల్ హైపోథిసిస్ అనే పిలిచాడు. ఆ ఊహ కూడా రిచర్డ్ టౌన్లీది అని ఒప్పుకున్నాడు. కొలిచింది ఒక వరసలో, ఊహించింది పక్క వరసలో పెట్టి, తేడా ఎంతో పాఠకుడినే చూసుకోమనడం అప్పటికి కొత్త. బతికుండగా అచ్చువేయని కాగితాల్లో ఆయన మంచి హైపోథిసిస్‌కు, మేలైన హైపోథిసిస్‌కు లక్షణాలు విడివిడిగా రాసుకున్నాడు. మంచిది చాలావరకు వివరిస్తుంది, తనతో తాను విభేదించదు. మేలైనది ఇంకా జరగని ప్రయోగంలో ఏం జరుగుతుందో ముందే చెబుతుంది. 1690లో కాంతి మీద పుస్తకం రాసిన డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ కూడా ఇదే అన్నాడు: ముందుగా ఊహించిన కొత్త విషయాలు నిజమైతే, రుజువుకు కాస్త మాత్రమే తక్కువైన నమ్మకం కలుగుతుంది.

## న్యూటన్ ఎందుకు చిరాకుపడ్డాడు

మరి తిట్టుగా ఎలా మారింది? ఊహల మీద అనుమానం ఇంగ్లిష్ తత్వవేత్త బేకన్ 1620లోనే వ్యక్తం చేశాడు. కానీ ఎక్కువ పాపం ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ శిష్యులది. 1644లో డెకార్ట్ గ్రహాలను కంటికి కనపడని పదార్థపు సుడిగుండాలు మోసుకెళ్తున్నాయని రాశాడు. ఒకే పనివాడు చేసిన రెండు గడియారాలు పైకి ఒకేలా కనిపించినా లోపల చక్రాలు వేరుగా ఉండొచ్చు కాబట్టి, తాను చెప్పిన కారణాలే నిజమని కచ్చితంగా అనలేమని ఆయనే ఒప్పుకున్నాడు. తర్వాతివాళ్లకు ఆ జాగ్రత్త లేదు. ప్రతిదానికీ ఒక సుడి, ఒక కణం కల్పించేశారు.

1672లో న్యూటన్ పట్టకంతో తెల్లకాంతిని రంగులుగా విడగొట్టిన ప్రయోగం ప్రకటించగానే, తోటి శాస్త్రవేత్త హుక్ దాన్ని మరో హైపోథిసిస్‌గా లెక్కగట్టాడు. న్యూటన్‌కు ఒళ్లు మండింది. ముందు ప్రయోగాలతో లక్షణాలు తేల్చుకోవాలి, వాటిని వివరించడానికి హైపోథిసిస్‌లు తర్వాత మెల్లగా రావాలి, లక్షణాలనే హైపోథిసిస్ నిర్ణయించకూడదు అన్నది ఆయన వాదన.

1713లో ఆయన రాసిన ‘నేను హైపోథిసిస్‌లు కల్పించను’ అన్న మాట అందరికీ తెలుసు. గురుత్వాకర్షణ ఎందుకు ఉందో చెప్పవేం అని లైబ్నిజ్ లాంటివాళ్లు నిలదీస్తుంటే ఇచ్చిన జవాబు అది. దాన్ని ఎవరూ ఊహించకూడదన్న ఆజ్ఞగా చదివితే న్యూటన్‌కే వర్తించదు. 1687 నాటి ఆయన మహాగ్రంథం మొదటి ముద్రణలో మూడో భాగం మొదలయ్యేదే తొమ్మిది హైపోథిసిస్‌లతో! 1713 ముద్రణకు వాటి పేర్లు మార్చాడు. మొదటి రెండూ ‘నియమాలు’ అయ్యాయి. గురుగ్రహపు చంద్రుల కదలిక లాంటి అయిదు ‘దృగ్విషయాలు’ అయ్యాయి. ఒకటి తీసేశాడు. విశ్వవ్యవస్థ కేంద్రం కదలదు అన్న ఒక్కటి మాత్రం హైపోథిసిస్‌గానే మిగిలింది, ఎందుకంటే దాన్ని ఏ పరిశీలనతోనూ తేల్చలేడు. ఏది కొలిచింది, ఏది అనుకున్నది అన్న విడదీత అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

## ఒక తప్పు నిజంగా చాలా?

న్యూటన్ పేరు చెప్పి అసలు హైపోథిసిసే వద్దనే ధోరణి 18వ శతాబ్దంలో పెరిగింది. దానికి ఎదురుగా 1740లో ఎమిలీ ద్యు షాత్లే తన భౌతికశాస్త్ర గ్రంథంలో ఒక అధ్యాయమే కేటాయించింది. హైపోథిసిస్ లేకుండా ఏ ప్రయోగం చేయాలో కూడా తెలియదంటుంది. ఒక ప్రయోగం దాన్ని ఒప్పుకోవడానికి చాలదు, తోసేయడానికి మాత్రం చాలు అన్న పాస్కల్ మాటను ఆమె కూడా అంటుంది. కానీ ఒక సవరణ కలుపుతుంది: హైపోథిసిస్‌లో ఒక భాగం తప్పై మరో భాగం ఒప్పు కావచ్చు, అప్పుడు తప్పిన భాగాన్ని సరిదిద్దుకోవాలి.

ఇది చిన్న సవరణ కాదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, ఆరు నెలల తేడాతో చూసినప్పుడు దగ్గరి నక్షత్రాలు కాస్త జరిగినట్టు కనిపించాలి. టైకో వెతికాడు, కనిపించలేదు. పాస్కల్ తర్కం ప్రకారం కోపర్నికస్ అక్కడితో ఓడిపోవాలి. ఆయన పక్షం వాళ్లు మాత్రం నక్షత్రాలు మనం అనుకున్నదానికంటే చాలా చాలా దూరంలో ఉన్నాయేమో అన్నారు. అది నిజాయితీగా ఒక భాగాన్ని సరిదిద్దుకోవడమా, ఓటమి తప్పించుకునే సాకా? ఆ రోజు ఎవరూ చెప్పలేరు. టైకో దాన్ని సాకు అనే అనుకున్నాడు, అలా అనుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు.

1729లో జేమ్స్ బ్రాడ్లీ నక్షత్రకాంతి దిశలో ఏటా కనిపించే ఒక ఊగిసలాటను ప్రకటించాడు. అది వెతికిన జరుగుబాటు కాదు, కానీ భూమి కదలకపోతే దాన్ని వివరించడం కష్టం. అసలు జరుగుబాటును 1838లో జర్మన్ ఖగోళవేత్త బెసెల్ 61 సిగ్ని అనే నక్షత్రం విషయంలో కొలిచాడు. అది కోణపు సెకనులో (నిమిషంలో 60వ వంతులో) మూడో వంతు కంటే తక్కువ. టైకో అత్యుత్తమ పరికరాలకు అందే హద్దు సుమారు ఒక నిమిషం, అంటే 60 సెకన్లు. కోపర్నికస్ హైపోథిసిస్ తన సొంత జోస్యం ఒకటి ఫలించకుండానే 295 ఏళ్లు నడిచింది, ఆ లోపే చాలామంది ఖగోళవేత్తలు దాన్ని హైపోథిసిస్ అనడం మానేశారు.